డ్రిబ్లింగ్ వద్దన్నాడు.. రైట్ లెగ్ బంద్ పెట్టాడు.. ఇండియాకు రెండు ఆసియా గోల్డ్‌లు తెచ్చిన హైదరాబాద్ మాస్టారు రహీం సాబ్ కథ

గోల్ఫ్ నేర్చుకునేవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? స్టాండ్ మీద ఫోన్ పెట్టి స్వింగ్‌ను వీడియో తీసుకుంటున్నారు. స్లో మోషన్‌లో చూసి భుజం ఎక్కడ ముందుకు పోయింది, మణికట్టు ఎప్పుడు తిరిగింది, స్టిక్ బాల్‌కు ఏ కోణంలో తగిలింది అని లెక్కలు వేస్తున్నారు. ఆ క్లిప్ కోచ్‌కు పంపితే, ఆయన తప్పు చూపించి తిరిగి పంపుతున్నాడు. క్రికెట్, బ్యాడ్మింటన్ కోచింగ్‌లలోనూ ఇదే పద్ధతి నడుస్తోంది.

మరి వీడియో లేని రోజుల్లో? ఆటగాడు తన తప్పు తను చూసుకోలేడు. చూసి చెప్పే కన్ను ఒకటి కావాలి. మన హైదరాబాద్‌లో అలాంటి కన్ను ఉన్న మనిషి ఒకాయన ఉండేవారు. వృత్తి స్కూల్ టీచర్. ఆట ఫుట్‌బాల్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. ఇండియా ఫుట్‌బాల్ ఆసియా గేమ్స్‌లో ఇప్పటిదాకా గెలిచిన గోల్డ్ మెడల్స్ రెండే. ఆ రెండు సార్లూ కోచ్ ఆయనే. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన మైదాన్ సినిమా ఈయన కథే. సినిమా చూసినవాళ్లకు మ్యాచ్‌లు గుర్తుంటాయి. కానీ రహీం సాబ్ అసలు బలం మ్యాచ్ రోజున కనిపించేది కాదు. ప్రాక్టీస్‌లో కనిపించేది.

బ్లాక్ బోర్డు నుంచి గ్రౌండ్‌కు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో డిగ్రీ చేశారు. తర్వాత టీచర్‌గా చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా కూడా తీసుకుని, పిల్లల ఆటల బాధ్యత చూసుకున్నారు.

ఆయన స్వయంగా ఆటగాడే. హైదరాబాద్‌లో అప్పట్లో గట్టి టీమ్‌గా పేరున్న ఖమర్ క్లబ్‌కు ఆడారు. అయితే ఆయన చరిత్రలో నిలిచింది ఆటగాడిగా కాదు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచ్ బాధ్యత తీసుకున్నారు. అక్కడి నుంచి కథ మారిపోయింది.

టీచర్‌కు ఒక అలవాటు ఉంటుంది. లెక్క తప్పు చేసిన పిల్లాడికి మార్కులు తగ్గించి వదిలెయ్యడు. ఏ మెట్టు దగ్గర తప్పాడో వెతుకుతాడు. కూడికలో పోయిందా, ఎక్కం రాలేదా అని చూస్తాడు. రహీం గ్రౌండ్‌లోనూ అదే చేశారు. మ్యాచ్ ఓడితే టీమ్ బాగా ఆడలేదు అన్న మాటతో సరిపెట్టలేదు. ఎవరి ఫస్ట్ టచ్ పోతోంది, ఎవరు రైట్ లెగ్ లేకపోతే నిలబడిపోతున్నారు, ఎవరు బాల్ వదలకుండా పట్టుకుంటున్నారు అని విడివిడిగా చూశారు.

డ్రిబ్లింగ్ చేస్తే ఫౌల్!

అప్పటి ఇండియన్ ఫుట్‌బాల్‌లో స్టార్ అంటే డ్రిబ్లర్. బాల్ కాలికి అతుక్కున్నట్టు పెట్టుకుని ఇద్దరు ముగ్గుర్ని తప్పించి పోతుంటే జనం ఈలలు వేసేవాళ్లు. చూడటానికి బాగుంటుంది. గోల్ మాత్రం పడదు. పక్కన ఖాళీగా ఉన్న మనిషి చేయి ఊపుతూనే ఉంటాడు.

దీనికి రహీం క్లాస్ పీకి ఊరుకోలేదు. ఏకంగా రూల్ మార్చేశారు. హైదరాబాద్‌లో నాన్ డ్రిబ్లింగ్ టోర్నమెంట్లు పెట్టారు. పేరులోనే ఉంది.. బాల్‌తో పరుగులు, ట్రిక్కులు కుదరవు. వచ్చిన బాల్‌ను ఆపాలి, ఇవ్వాలి.

ఇందులో గొప్పతనం ఏంటంటే, కోచ్ నోరు తెరవాల్సిన పనే లేదు. ఫస్ట్ టచ్ సరిగ్గా లేకపోతే బాల్ రెండు గజాలు దూరం పోతుంది. తప్పించుకోవడానికి డ్రిబ్లింగ్ లేదు కాబట్టి బాల్ అక్కడికక్కడే పోయినట్టే. తప్పు చేసిన క్షణంలోనే ఆటగాడికి తెలిసిపోతుంది. బాల్ రాకముందే తల ఎత్తి ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడం తప్పనిసరి అవుతుంది. నెల రోజులు ఇలా ఆడిన కుర్రాడు మామూలు మ్యాచ్‌లోకి వస్తే, అతని కాళ్లే కాదు, కళ్లు కూడా మారిపోయి ఉంటాయి.

గోల్ఫ్‌లోనూ ఇంతే. కుడిచేతి వాటం ఆటగాడు కొట్టిన బాల్ గాల్లో బాగా కుడివైపుకు వంగిపోతుంటే, తగిలే క్షణంలో స్టిక్ ముఖం తెరుచుకుని ఉందని అర్థం. బాల్ పోయిన దారే తప్పు ఎక్కడుందో చెప్తుంది. దాన్ని చదవడం వచ్చినవాడే కోచ్.

బలం ఉన్న కాలికి సెలవు

రహీం రెండో ప్రయోగం ఇంకా గమ్మత్తు. వీక్ ఫుట్ టోర్నమెంట్లు. అంటే, రైట్ లెగ్ వాటం ఉన్నవాళ్లు లెఫ్ట్ లెగ్‌తోనే తన్నాలి. లెఫ్ట్ వాటం వాళ్లు రైట్‌తో.

ఎడమచేత్తో సంతకం పెట్టమంటే ఎలా ఉంటుంది? అలాగే ఉండేది. మొదట్లో బాల్ ఒకవైపు, మనిషి ఒకవైపు. కానీ టోర్నమెంట్‌లో అందరిదీ ఒకటే పరిస్థితి కాబట్టి సిగ్గు పోతుంది. సిగ్గు పోతే సాధన మొదలవుతుంది. రెండు కాళ్లతో ఆడే వింగర్‌ను ఆపడం డిఫెండర్‌కు నరకం. ఏ వైపు తిరుగుతాడో తెలియదు కదా!

వీటితో పాటు తక్కువ మందితో చిన్న జట్ల పోటీలు, పిల్లలకు ఎత్తు లెక్కన పోటీలు కూడా నడిపారు. ఎత్తు లెక్క ఎందుకంటే, వయసు ఒకటే అయినా ఒళ్లు పెరిగిన కుర్రాడు సన్నగా ఉన్నవాణ్ని గుద్దేసి గెలుస్తాడు. అక్కడ ఆట నైపుణ్యం బయటపడదు. సమాన ఎత్తు వాళ్లు ఆడితే తెలివి ఉన్నవాడు పైకి వస్తాడు. ఏ పోటీ పెట్టినా కప్పు ఒక్కటే లెక్క కాదు. ఆ పోటీ ఆటగాడికి ఏం నేర్పుతుంది అన్నదే లెక్క.

వరుసగా ఐదు కప్పులు

ఫలితం రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బాంబేలో జరిగే రోవర్స్ కప్ అంటే అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నమెంట్లలో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ దాన్ని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా హైదరాబాద్‌కు వచ్చింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956, 1957లలో వరుసగా ఛాంపియన్ అయింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో, హైదరాబాద్ పేరు వింటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా జాగ్రత్త పడే పరిస్థితి వచ్చింది.

ఆటగాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? ఎక్కువ మంది పేద ఇళ్ల పిల్లలే. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం అందులో ఒకడు. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న కుటుంబం. ప్రాక్టీస్‌కు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా రహీమే ఇచ్చేవారని చెప్తారు. ఆ కుర్రాడే తర్వాత 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడిగా నిలిచాడు.

ఒక గోల్డ్.. ఆ వెంటనే పది గోల్స్ దెబ్బ

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా గేమ్స్ జరిగాయి. ఇండియా కోచ్ రహీం. కెప్టెన్ శైలేన్ మన్నా. ఇండోనేషియా, అఫ్గానిస్తాన్ మీద మూడేసి గోల్స్‌తో గెలిచి, ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించారు. గోల్ కొట్టింది సాహు మేవాలాల్. దేశానికి ఫుట్‌బాల్‌లో మొదటి ఆసియా గోల్డ్.

సంబరం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1952 జులైలో హెల్సింకి ఒలింపిక్స్. ప్రత్యర్థి యుగోస్లావియా. స్కోరు 10-1. ఇండియాకు దక్కిన ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు.

ఏం జరిగింది? మనవాళ్లలో చాలా మంది అప్పటికీ బూట్లు లేకుండా ఆడుతున్నారు. ఉత్తకాళ్లతో బాల్ మీద పట్టు బాగుంటుందని వాళ్ల నమ్మకం. మన ఎండిన గ్రౌండ్లలో అది నిజమే. కానీ చలి దేశంలో, తడి గడ్డి మీద కాళ్లు జారిపోయాయి. బూట్లు వేసుకున్న ఎదుటి డిఫెండర్ ముందు ఉత్తకాలు పెట్టాలంటే ఎవరికైనా భయమే. ఆ ఓటమి తర్వాత ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది.

ఇలాంటి దెబ్బ తిన్న కోచ్ ముందు రెండు దారులు ఉంటాయి. వాతావరణం మీద, అదృష్టం మీద నెట్టేసి ఊరుకోవచ్చు. లేదంటే ఆ పది గోల్స్‌ను పది పాఠాలుగా చదవచ్చు. రహీం రెండో దారి పట్టారు. యూరప్ జట్లు ఎలా నిలబడుతున్నాయి, ఎక్కడ ఖాళీ సృష్టిస్తున్నాయి అని గమనించారు. ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఊపేస్తున్న హంగరీ జట్టులో సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా కాస్త వెనక్కి వచ్చి ఆడేవాడు. అతన్ని కాపలా కాయాలా, వదిలెయ్యాలా అని డిఫెండర్లు తికమక పడేవాళ్లు. ఆ పద్ధతిని రహీం మన జట్టుకు తెచ్చారు. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 ఆటను కూడా అలవాటు చేశారు. 1958 వరల్డ్ కప్ గెలిచి బ్రెజిల్ దాన్ని ప్రపంచానికి పరిచయం చేయకముందే, మనవాళ్లు దానితో ఆడేశారు.

ఇక్కడే నాన్ డ్రిబ్లింగ్ పాఠం పనికొచ్చింది. మధ్యలో ఇద్దరే ఉన్నప్పుడు బాల్ పట్టుకుని నిలబడితే జట్టు మునిగిపోతుంది. వెంటనే పాస్ ఇవ్వడం వచ్చినవాళ్లే ఆ ఆట ఆడగలరు. ప్లాన్ బోర్డు మీద గీయడం తేలిక. దాన్ని మోసే టెక్నిక్ కాళ్లలో ఉండాలి.

మెల్‌బోర్న్‌లో అద్భుతం

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. గుంటూరు జిల్లాలో భాగమైన మన పల్నాడు, రహీం సాబ్ హైదరాబాద్ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. మాచర్ల దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కావస్తోంది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాతో తలపడింది. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం లాంటి హైదరాబాద్ వాళ్లు ఉన్నారు.

ఆతిథ్య జట్టును వాళ్ల గడ్డ మీదే ఇండియా 4-2తో కొట్టింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. ఇండియా సెమీస్‌కు చేరింది. అక్కడికి చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

సెమీస్‌లో ఎదురొచ్చింది ఎవరో తెలుసా? అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోల్ కొట్టింది ఇండియా! కొద్దిసేపు స్టేడియం నమ్మలేకపోయింది. చివరకు 4-1తో ఓడారు. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా మీద 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. మెడల్ రాలేదు. కానీ నాలుగేళ్ల కిందట పది గోల్స్ ఇచ్చిన జట్టు మీదే ముందంజ వేయడం మామూలు విషయం కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూప్ కష్టంగా పడింది. హంగరీ చేతిలో 2-1తో ఓటమి. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ చేతిలో 3-1తో ఓటమి. ఆ జట్టులో రహీం సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అయితే అతనికి ఒక్క మ్యాచ్‌లోనూ ఆడే అవకాశం రాలేదు. కోచ్ కొడుకు అయినా బెంచ్ మీదే. హకీం తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు.

జకార్తా.. జబ్బు మనిషి ఆఖరి పాఠం

1962 నాటికి రహీం ఆరోగ్యం దెబ్బతింది. క్యాన్సర్. అయినా జట్టుతో జకార్తా బయలుదేరారు. కెప్టెన్ చునీ గోస్వామి. పీకే బెనర్జీ, బలరాం, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్.. మంచి జట్టే.

మొదటి మ్యాచ్‌లోనే దెబ్బ. దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో కొట్టి నిలబడ్డారు. అయితే థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. డిఫెండర్‌కు తలే ఆయుధం. ఆ తలతో వెనక ఆడించడం ప్రమాదం.

ఎవరైనా జర్నైల్‌ను పక్కన పెట్టేవారు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు! కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరసలో ఆడాడన్న విషయం ఆయన మర్చిపోలేదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఇండియా 3-2తో గెలిచింది. అందులో ఒక గోల్ కుట్లు పడ్డ తలతో దిగిన ఆ జర్నైల్‌దే. ఆటగాడి గురించి కోచ్ బుర్రలో ఎంత సమాచారం ఉండాలో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్లీ దక్షిణ కొరియానే. బయట వాతావరణం ఇంకా ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని ఆసియా గేమ్స్ ఫెడరేషన్‌లోని భారత ప్రతినిధి జీడీ సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం ఇండియా మీద మండిపడ్డారు. భారత ఎంబసీ మీద దాడి జరిగింది. ఫైనల్ నాడు స్టేడియంలో దాదాపు లక్ష మంది. దాదాపు అందరూ ఇండియాకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్లే.

ముందు రోజు రాత్రి రహీం ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకు ఒక కానుక కావాలని, రేపు గోల్డ్ తెచ్చివ్వమని అడిగారని అప్పటి ఆటగాళ్లు తర్వాత చెప్పుకునేవాళ్లు. ఆయన ఒంట్లో ఏం జరుగుతోందో చాలా మందికి పూర్తిగా తెలియదు.

17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్. జ్వరంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన తంగరాజ్ ఫైనల్లో గోల్‌పోస్ట్ ముందు నిలబడ్డాడు. ఆట చివర్లో కొరియా ఒక గోల్ కొట్టినా లాభం లేకపోయింది. 2-1. మొదటి మ్యాచ్‌లో ఓడించిన జట్టునే ఫైనల్లో ఓడించారు. గోల్డ్ ఇండియాది.

తొమ్మిది నెలలే..

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53. జకార్తా గెలుపు తర్వాత తొమ్మిది నెలలు మాత్రమే బతికారు.

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. 1970 ఆసియా గేమ్స్‌లో హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో ఇండియాకు బ్రాంజ్ వచ్చింది. గోల్డ్ మాత్రం 1962 తర్వాత మళ్లీ రాలేదు. 60 ఏళ్లు దాటిపోయింది.

ఆయన శిష్యుల్లో ఒకరైన అల్బెర్టో ఫెర్నాండో 1964లో కోచింగ్ శిక్షణ కోసం బ్రెజిల్ వెళ్లారు. అక్కడ నేర్పుతున్నవన్నీ రహీం దగ్గర 1956లోనే నేర్చుకున్నవని ఆయన తర్వాత చెప్పారు. ఎనిమిదేళ్లు ముందున్న మాస్టారు, పుస్తకంగా రాసి పెట్టకుండానే వెళ్లిపోయారు. తెలిసినదంతా ఆటగాళ్ల కాళ్లలో ఉండిపోయింది. ఆ ఆటగాళ్లు ముసలివాళ్లయ్యారు. బలరాం 2023లో చనిపోయారు.

మన స్కూల్ గ్రౌండ్‌లో పనికొస్తుందా?

నిక్షేపంగా పనికొస్తుంది. నరసరావుపేటలో కావొచ్చు, మాచర్ల, గురజాలలో కావొచ్చు.. గోల్ఫ్ కోర్స్ దగ్గర్లో ఉండకపోవచ్చు, ఖరీదైన కోచ్ దొరక్కపోవచ్చు. కానీ రహీం పద్ధతికి పైసా ఖర్చు లేదు. ఓ బాల్, ఓ గ్రౌండ్, చూసే ఓ కన్ను చాలు.

వారంలో ఒక రోజు వాటం లేని కాలితో ఆట. ఒక రోజు బాల్ ఆపిన వెంటనే ఇచ్చేసే ఆట. వాలీబాల్ ఆడే పిల్లలైతే కాసేపు వాటం లేని చేత్తో సర్వీస్. క్రికెట్ అయితే అన్ని బంతుల్నీ లేపి కొట్టకుండా నేల మీదే ఆడాలని ఒక రూల్. ఏ ఆటకైనా సూత్రం ఒక్కటే. తప్పును దాచిపెట్టే అలవాటును కాసేపు తీసేస్తే, తప్పు దానంతట అదే బయటికొస్తుంది.

ఇక చేతిలో ఫోన్ ఉంది కాబట్టి వీడియో తీసుకోవచ్చు. అయితే ఒక్క జాగ్రత్త. ఒకేసారి పది తప్పులు వెతికితే ఏదీ దిద్దుకోలేరు. ఈ వారం ఒక్కటి. అది సరయ్యాక ఇంకొకటి. వీడియో తప్పును చూపిస్తుంది అంతే. ఏది ముందు దిద్దాలో చెప్పేది మాత్రం పక్కన నిలబడ్డ మనిషే. స్కూల్లో అలాంటి పీఈటీ మాస్టారు ఉంటే, ఆ ఊరి పిల్లలు అదృష్టవంతులు.